నాచు చిన్న మొక్క కాదు

ఆగస్టు నెలలో కాల్గరీ చుట్టుపక్కల సరస్సుల దగ్గర ఒక వాసన వస్తుంది. కోసిన పచ్చగడ్డిని తడిగుడ్డలో మూటకట్టి మరిచిపోతే వచ్చే వాసన లాంటిది. అడుగున కొంచెం వాన పడ్డ మట్టి వాసన కూడా ఉంటుంది. మొన్న ఆదివారం మా అమ్మాయిని తీసుకుని ఊరికి తూర్పున ఉన్న ఒక సరస్సుకు వెళ్ళాను. ఒడ్డున హెచ్చరిక బోర్డు పెట్టారు. నీలి ఆకుపచ్చ నాచు పెరిగింది, ఈత కొట్టవద్దు, కుక్కలను నీళ్ళు తాగనివ్వవద్దు అని. నీటి మీద ఎవరో ఆకుపచ్చ రంగు డబ్బా ఒలకబోసినట్టు తెట్టు కట్టి ఉంది. మా అమ్మాయి ముక్కు మూసుకుని, "అమ్మా, ఇట్ స్టింక్స్, లెట్స్ గో" అని చెయ్యి పట్టి లాగింది. నేను మాత్రం కాసేపు అక్కడే నిలబడ్డాను. పెళ్ళికి ముందు ఐదారేళ్ళు నేను ఆ వాసనలోనే బతికాను. నా బట్టలకూ జుట్టుకూ అదే వాసన. నాకది కంపులా ఎప్పుడూ అనిపించలేదు. దాని వెనకాలే ఇందుమతి మేడమ్ గొంతు వినిపిస్తుంది.

ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. అప్పుడు ఇక్కడి మన తెలుగువాళ్ళు సంతాప సభ పెట్టారు. ఆవిడ కుండీల్లో పెంచి అందరికీ పంచిన గోంగూర గురించి ఒకరు చెప్పారు. కొత్తగా దిగిన విద్యార్థులను తన కారులో ఎక్కించుకుని చలికోట్లు కొనిపెట్టిన సంగతి ఇంకొకరు చెప్పారు. అన్నీ నిజాలే. కానీ ఆవిడను ఆవిడగా చేసిన రోజు ఒకటి ఉంది. దాని మాట ఎవరూ ఎత్తలేదు, ఎత్తడానికి మాట్లాడినవాళ్ళలో ఎవరికీ తెలియదు. నన్ను మాట్లాడమన్నారు గానీ నేను లేవలేదు. ఆ రోజు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

డాక్టర్ ఇందుమతి గారు తెనాలి దగ్గర పల్లెలో పుట్టారు. వృక్షశాస్త్రం చదివి, పెళ్ళయ్యాక భర్త మూర్తి గారితో కెనడా వచ్చి, ఇక్కడి విశ్వవిద్యాలయంలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పారు, పరిశోధన చేశారు. మూర్తి గారు పిల్లల డాక్టరు, నెమ్మదస్తులు. ఆవిడ మాత్రం నిప్పు. పొట్టిగా, పీలగా ఉండేవారు. ఎప్పుడూ చీర మీద స్వెట్టరు, దాని మీద తెల్లకోటు, కాళ్ళకు మంచుబూట్లు. నేను కామారెడ్డి నుంచి పీహెచ్‌డీకి వచ్చి మొదటిసారి ఆవిడ ముందు నిలబడ్డప్పుడు మన మనిషి దొరికింది కదా అన్న సంబరంలో తెలుగులో గలగలా మాట్లాడేశాను. ఆవిడ అన్నిటికీ ఇంగ్లీషులోనే జవాబు చెప్పారు. నా ముఖం చిన్నబోయింది. సాయంత్రం బయటికి వచ్చాక ఆవిడే చెప్పారు, ల్యాబులో చైనా అమ్మాయి ఉంది, ఇరాన్ అబ్బాయి ఉన్నాడు, పంజాబీ పిల్ల ఉంది, మనిద్దరం తెలుగులో మాట్లాడుకుంటే వాళ్ళకు పరాయితనంగా ఉంటుందని. గడప దాటాక ఎంత తెలుగైనా మాట్లాడుకుందామన్నారు. ఆ నియమం ఆవిడ తప్పింది, నాకు తెలిసి, ఒక్కసారే.

మా ల్యాబులో రెండే ప్రాణులు. ఒకటి ఆవ జాతికి చెందిన ఒక కలుపుమొక్క. జానెడు ఎత్తు, గింజంత తెల్లపూలు, కూరకూ పనికిరాదు, పచ్చడికీ పనికిరాదు. కానీ తొందరగా పెరిగి తొందరగా గింజ కడుతుంది కాబట్టి ప్రపంచమంతా దాని మీదే పరిశోధనలు చేస్తారు. రెండోది మంచినీటి నాచు. కంటికి కనపడనంత చిన్న ఏకకణ జీవి. సయనోబాక్టీరియా అంటారు. గాజు కూజాల్లో, తెల్లని దీపాల కింద, గాలి బుడగల మధ్య ఆకుపచ్చగా కళపెళలాడుతూ ఉండేది. ఒక గదిలో అరల నిండా మొక్కలు, పక్క గదిలో కూజాల నిండా నాచు. నేను చేరిన కొత్తలో ఈ రెంటికీ పొత్తేమిటో నాకు అర్థం కాలేదు.

ఒకరోజు మంచు దట్టంగా పడుతుంటే ఆవిడ నన్ను తన కారులో ఇంటి దగ్గర దింపుతూ దారి పొడుగునా ఆ సంగతి చెప్పారు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు వరిమడిలో నాచు చల్లించేవారట, భూమికి బలమని. వరి మొక్క కాళ్ళ కింద తేలే నాచు ఆ మొక్కకు దగ్గర చుట్టమని అప్పుడు ఆవిడకు తెలియదట.

"చూడమ్మాయ్, కోట్ల ఏళ్ళ కిందట ఒక నాచు కణం ఇంకో కణం ఇంటికి ఇల్లరికం వచ్చింది" అన్నారు రోడ్డు మీదినుంచి కళ్ళు తిప్పకుండా. "వచ్చిన అల్లుడు మళ్ళీ బయటికి పోలేదు. అక్కడే పిల్లాజెల్లా. ఆస్తిలో ముప్పాతిక మామగారి పెట్టెలో పెట్టేశాడు. ఈ రోజు ఆకు పచ్చగా ఉందంటే, ఎండ తిని అన్నం వండుతోందంటే, ఆ అల్లుడి చలవే. పుస్తకాల్లో దానికి హరితరేణువని పేరు పెట్టాం."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. ఆస్తి అంటే జన్యువులు, పెట్టె అంటే కణకేంద్రకం. అల్లుడు మామగారి పెట్టెలో పెట్టిన జన్యువు అక్కడ కూడా పాత పనే చేస్తోందా, లేక అత్తవారింటికి తగ్గట్టు మారిపోయిందా? ఆవిడ జీవితమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. మొక్కను నాచుతో, నాచును మొక్కతో పోల్చి చూడటమే మా పని.

ఆ ప్రశ్నకు ఆవిడ చిన్న వయసులోనే ఒక జవాబు కనిపెట్టి పేరు తెచ్చుకున్నారు. నాచులో ఒక జన్యువు ఉంది. ఎండ ఎక్కువై కణం లోపలి యంత్రాంగం కాలిపోతే దాన్ని బాగుచేసేది అదే. ఆ జన్యువు తీసేస్తే నాచు నీడలో బతుకుతుంది గానీ గట్టి వెలుగులో పెడితే పచ్చదనం పోయి తెల్లగా అయిపోతుంది. ఆవిడ నాచు జన్యువును తీసేసి, ఆ స్థానంలో మొక్క నుంచి తెచ్చిన దాని జోడీ జన్యువును పెట్టారు. అలా చేసిన నాచు గట్టి వెలుగులోనూ పచ్చగానే నిలిచింది. అంటే ఇన్ని కోట్ల ఏళ్ళ తరువాత కూడా మొక్క జన్యువు నాచు ఇంటికి తిరిగొచ్చి పాత పని చేయగలదని అర్థం. ఆ మాట పాఠ్యపుస్తకాలకెక్కింది. దాని మీద ఎంతోమంది ఇంకెన్నో పరిశోధనలు చేశారు. నా పీహెచ్‌డీ కూడా ఆ పునాది మీద కట్టాల్సిన ఇల్లే.

ఆవిడ ఇంట్లో వేరు, ల్యాబులో వేరు. ఇంటికి వెళితే ఆంటీ. చారన్నం పెట్టి, కడుపు నిండలేదని కోప్పడి, డబ్బాల్లో కూరలు సర్దిచ్చి పంపేవారు. ల్యాబులో మేడమ్. ముక్కు మీదే కోపం. ఎవరైనా ఫలితం బాగా వచ్చిందని మురిసిపోతే, బయటికి వచ్చాక నాతో, కాకి పిల్ల కాకికి ముద్దమ్మా అనేవారు. ఒకసారి ఇరాన్ అబ్బాయి వారం వారం జరిగే సమావేశంలో, తన ఫలితాలు ఎందుకో సరిగా కుదరడం లేదని, ఎక్కడో తేడా ఉందనిపిస్తోందని మొదలుపెట్టాడు. ఆవిడ అతని కాగితాలను బల్ల మీద వెనక్కి తోసేశారు. నా గుమ్మం దాకా అనుమానాలు మోసుకురావద్దు, రుజువులు తీసుకురండి, అనుమానమే ఉంటే తిరిగి పనికి పొండి అన్నారు. అతను తలవంచుకుని కూర్చున్నాడు. ఆ రోజు నుంచి మా అందరికీ అదే చట్టం. తెలిస్తేనే నోరు తెరవాలి, తెలియకపోతే మూసుకోవాలి. దాని వల్ల మేమంతా జాగ్రత్తగా పనిచేయడం నేర్చుకున్నామని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళం కూడా.

నా నాలుగో ఏడాదిలో ఆవిడ రిటైర్మెంటు ఖాయమైంది. ఏప్రిల్ చివర వీడ్కోలు ఉపన్యాసం. పాత శిష్యులు ఒట్టావా నుంచీ సస్కటూన్ నుంచీ వస్తామన్నారు. ఉపన్యాసం దేని గురించో ఎవరూ అడగనక్కరలేదు, ఆవిడకు పేరు తెచ్చిన ఆ పని గురించే. అంతకు ముందు చలికాలంలో నేను నా ప్రయోగానికి కొలతగా ఉంటుందని ఆవిడ అప్పట్లో చేసిన ఆ నాచునే ఫ్రీజరులోంచి తీసి మళ్ళీ పెంచాను. పెరిగాక, అలవాటు కొద్దీ, అందులో ఏ జన్యువులు ఉన్నాయో పరీక్షించాను. ఆ పరీక్షలో ఒక్కో జన్యువుకు జెల్ అనే పలచటి జిగురు పలక మీద ఒక్కో గీత వెలుగుతుంది. మొక్క జన్యువు గీత స్పష్టంగా ఉంది. దాని కింద, ఉండకూడని చోట, సన్నగా ఇంకో గీత ఉంది. తీసేశామనుకున్న నాచు సొంత జన్యువు అది.

ఏం జరిగిందో అర్థం కావడానికి నాకు కొంతకాలం పట్టింది. మొక్కలో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి. మొక్కలతో పనిచేసేవాళ్ళకు ఒక తేలిక పద్ధతి ఉంది. కొత్త జన్యువుతో పాటు, మామూలు మొక్కను చంపేసే ఒక మందును తట్టుకునే శక్తిని కూడా కలిపి పెడతారు. గింజలు ఆ మందులో మొలకెత్తి పిల్లమొక్కలన్నీ బతికాయంటే పాత ప్రతి పోయినట్టే, ఇక చూడనక్కరలేదు. నాచు అలా కాదు. ఆ చిన్న కణంలో ప్రతి జన్యువుకూ బోలెడు ప్రతులుంటాయి. కొన్ని మారితే చాలు, మందులో బతికేస్తుంది. మిగతా ప్రతులు లోపల చప్పుడు చేయకుండా ఉండిపోతాయి. మందులో మళ్ళీ మళ్ళీ పెంచి, తరం తరువాత తరం జల్లెడ పడితే గానీ పాతవి పూర్తిగా పోవు. ఇవాళ నాచుతో పనిచేసే ఎవరికైనా ఇది తెలుసు. అప్పట్లో మొక్కల మనిషిగా నాచు దగ్గరికి వచ్చిన ఆవిడకు, మందులో బతికింది కదా, పని అయిపోయిందనిపించింది. జన్యువు తీసేసి ఊరుకున్న నాచును మాత్రం ఎంతోకాలం పెంచారు కాబట్టి అందులో పాత ప్రతులు పోయాయి, అది తెల్లబడింది. మొక్క జన్యువు పెట్టిన దానిలో మాత్రం అవి మిగిలిపోయాయి.

మరి ఆ నాచు వెలుగులో బతికింది మొక్క జన్యువు వల్లా, దాక్కున్న తన సొంత జన్యువు వల్లా? చూడటానికి ఒకటే దారి. నేను దాన్ని మందులో పెంచి, వేరు చేసి, మళ్ళీ పెంచి, ఆ సన్నగీత పూర్తిగా మాయమయ్యేదాకా జల్లెడ పట్టాను. తరువాత గట్టి వెలుగులో పెట్టాను. కొద్ది రోజుల్లోనే కూజా పాలిపోయి, గంజినీళ్ళ రంగుకు వచ్చింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. మొక్క జన్యువు ఆ పని చేయలేదు. అల్లుడి ఆస్తి అత్తవారింట్లో ఎప్పుడో మారిపోయింది.

ఆ కూజా ముందు నిలబడి నేను ఏడ్చాను. నా సొంత భయం కొంత ఉంది. నా థీసిస్ ఏమవుతుంది, ఆవిడ కోపంతో చెయ్యి వదిలేస్తే ఈ దేశంలో ఉండనిచ్చే నా స్టడీ పర్మిట్ ఏమవుతుంది అన్న భయం. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, ఇది నా ల్యాబు కడుపు. కానీ అంతకంటే పెద్ద బాధ ఆవిడ గురించే. ఒక మనిషి జీవితమంతా నిలబెట్టుకున్న ఒక్క మాట, ఆవిడ అందరి ముందూ ఆఖరిసారి ఆ మాటే చెప్పబోతున్నప్పుడు, అది నిజం కాదని ఏ నోటితో చెప్పను? చెప్పకుండా ఊరుకుంటే ఆవిడ తెలియక అబద్ధం చెప్పి దిగిపోతారు. మింగలేను, కక్కలేను. డిసెంబరులో కనిపించిన గీతను రుజువు కావాలి, రుజువు కావాలి అనుకుంటూ మార్చి దాకా లాక్కొచ్చాను.

మార్చిలో ఒక మధ్యాహ్నం వెచ్చటి పడమటి గాలి వీచి, రోడ్ల మీద మంచంతా కరిగి పారుతోంది. మేడమ్ ల్యాబులోకి వచ్చి, ఉపన్యాసంలో చూపించడానికి ఆ పాత నాచు ఫోటో ఒకటి కొత్తగా తీసివ్వమని అడిగారు. పక్కన ఎవరూ లేరు. నేను లేచి నిలబడి, రెండు కూజాలు తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఒకటి పచ్చగా, ఒకటి గంజిలా. ఏది ఏమిటో చెప్పాను. జెల్ బొమ్మలు చూపించాను. ఇంగ్లీషులో మొదలుపెట్టి ఎక్కడ తెలుగులోకి దిగానో నాకే తెలియదు. ఆవిడ కళ్ళద్దాలు తీసి కోటు అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. తెల్లబడిన కూజాను చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూశారు.

"నేను నాచును చిన్న మొక్క అనుకున్నాను" అన్నారు తెలుగులో. ఎవరితోనో కాదు, తనలో తనే అనుకున్నట్టు. తరువాత నా వైపు తిరిగి, "నీకు ఎప్పటినుంచి తెలుసమ్మా?" అన్నారు.

డిసెంబరు నుంచి అనుమానం, ఫిబ్రవరి నుంచి తెలుసు అన్నాను. ఆవిడ ముఖంలో నేను ఎదురుచూసిన కోపం లేదు. ఏదో దెబ్బ తగిలినట్టు ఒక్కసారి కళ్ళు మూసుకున్నారు. కూజాను జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, కోటు వేసుకుని, పట్టపగలు ఇంటికి వెళ్ళిపోయారు. ఆవిడ అలా వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు.

మూడో రోజు మూర్తి అంకుల్ ఫోన్ చేశారు. ఆవిడ సరిగా అన్నం తినడం లేదని, ఏం జరిగిందో తనకు చెప్పిందని, నన్ను మాత్రం భయపడవద్దని చెప్పమందని అన్నారు. ఆ మర్నాడే ఆవిడ ల్యాబుకు వచ్చారు. తన చేత్తో ప్రయోగం చేయడం ఆవిడ మానేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు చేతులకు తొడుగులు వేసుకుని బల్ల ముందు కూర్చున్నారు. నేను వేరు చేసిన నాచును తనే కొత్త కూజాల్లోకి వేశారు, తనే దీపాలు అమర్చారు, తనే పరీక్షలు చేశారు. నేను పక్కన నిలబడి అందించబోతే వద్దన్నారు. నువ్వు చేసింది నమ్మక కాదు, నా తప్పును నా చేత్తో చూసుకోవాలి అని మాత్రం అన్నారు, ఇంగ్లీషులోనే, నియమం తప్పకుండా. రోజూ వచ్చి ఆ కూజాలు చూసేవారు. పచ్చదనం ఒక్కో రోజూ పలచబడుతుంటే చంటిబిడ్డ జ్వరాన్ని చూసే తల్లిలా అక్కడే నిలబడేవారు. పూర్తిగా తెల్లబడ్డ రోజున దీపాలు తనే ఆర్పారు.

వీడ్కోలు రోజు హాలు నిండిపోయింది. ఒక బల్ల మీద కేకు, దాని మీద క్రీముతో మా కలుపుమొక్క పూలు. విభాగం పెద్ద ఒకాయన ఆవిడ చేసిన గొప్ప పనిని పొగిడి మైకు ఇచ్చారు. నేను మూర్తి అంకుల్ పక్కన కూర్చున్నాను. ఏం చెప్పబోతున్నారో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

ఆవిడ పట్టుచీర కట్టుకుని వచ్చారు. మామూలుగానే మొదలుపెట్టారు. నాచు గురించి, మొక్క గురించి, ఆ రెంటి చుట్టరికం గురించి. తన పాత ప్రయోగాన్ని, దాని వల్ల తనకు వచ్చిన పేరును రెండు మాటల్లో చెప్పారు. తరువాత తెర మీద రెండు కూజాల బొమ్మ వేశారు. అది తప్పు అన్నారు. ఎక్కడ తప్పు, ఎలా తప్పు, మొక్కకు పనికొచ్చే పద్ధతిని నాచుకు ఎలా అంటగట్టారో, తరగతిలో పాఠం చెప్పినంత విడమరిచి చెప్పారు. చుట్టాలైనంత మాత్రాన ఒకటే కాదు, ఆ తేడా చూడటానికే జీతం తీసుకున్నాను, ఆ తేడానే చూడలేదు అన్నారు. ఆ పరిశోధనాపత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు దాన్ని అచ్చువేసిన పత్రికకు రాసి పంపానని చెప్పారు.

చివర ప్రశ్నలకు సమయం ఇచ్చారు. ఆవిడతో చాలా ఏళ్ళు కలిసి పనిచేసిన ఒకాయన లేచారు. ఆయన పని సగం ఆవిడ ఫలితం మీద కట్టిందే. మర్యాదగానే, ఇన్నేళ్ళు ఇది మీ ల్యాబులో ఎవరి కంటా ఎలా పడలేదు అని అడిగారు.

ఆవిడ ఉపన్యాస వేదిక అంచును రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. తరువాత నా వైపు చూశారు.

"పడింది" అన్నారు. "నా విద్యార్థిని స్వప్న కంట పడింది. కానీ నాతో చెప్పడానికి భయపడింది. డిసెంబరు నుంచి మార్చి దాకా ఈ బరువును ఒక్కతే మోసింది. అనుమానాలు నా దగ్గరికి తేవద్దని నేనే చెప్పాను, అది క్రమశిక్షణ అనుకున్నాను. ఆమెకంటే ముందు ఇంకెంతమంది చూసి నోరు మూసుకున్నారో నాకు తెలియదు. జన్యువు విషయంలో చేసిన తప్పు ఒక్క పేజీలో దిద్దేశాను. ఈ తప్పు ఎలా దిద్దుకోవాలో నాకు తెలియడం లేదు. ఇక నాకు ల్యాబు కూడా లేదు."

మూర్తి అంకుల్ తల వంచుకుని తన చేతులు చూసుకుంటున్నారు. నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఎక్కడో వెనక ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు, తరువాత అందరూ కొట్టారు, అందరూ కాదు. ప్రశ్న అడిగిన ఆయన చేయి కలపకుండానే వెళ్ళిపోయారు. ఆయన తరువాత ఎప్పుడూ ఆవిడతో మాట్లాడలేదని విన్నాను. కేకు సగం మిగిలిపోయింది. ఆవిడ మాత్రం ఇరాన్ అబ్బాయి దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పారు. అతను చాలాసేపు తల ఊపుతూ నిలబడ్డాడు.

రిటైరయ్యాక కూడా వారానికి రెండుసార్లు వచ్చి నా థీసిస్ పూర్తి చేయించారు. మొక్క జన్యువు పాత పని చేయదని తేలింది కదా, మరి ఇప్పుడేం పని చేస్తోంది అన్నది నా కొత్త ప్రశ్న అయింది. ఆవిడ ప్రశ్న కంటే అదే మంచి ప్రశ్న అని ఆవిడే అన్నారు. కోపం మాత్రం తగ్గలేదు. నా మొదటి ముసాయిదాను చీల్చి చెండాడారు. కానీ ప్రతిసారీ లేచి వెళ్ళే ముందు కాసేపు ఆగి, నీకు ఇందులో ఎక్కడైనా నమ్మకం లేకపోతే చెప్పు, రుజువు లేకపోయినా సరే అనేవారు. ఆ మాట ఆవిడ నోటికి అలవాటు లేదు. పలకడానికి కష్టపడేవారు. అయినా పలికేవారు.

నేను ఇప్పుడు పల్లెల నుంచి, పొలాల నుంచి వచ్చే తాగునీటిని పరీక్షించే ఒక చిన్న ల్యాబులో పనిచేస్తున్నాను. నా కింద ఆరుగురు ఉన్నారు. నాకూ నోరు పెద్దదే, ఎవరి దగ్గర నేర్చుకున్నానో వేరే చెప్పక్కరలేదు. పని తప్పితే ఊరుకోను, అరుస్తాను. కానీ అనుమానం మోసుకొచ్చిన వాళ్ళను వెనక్కి పంపను. చేతిలో ఎంత పని ఉన్నా కింద పెట్టేసి వింటాను. అందులో తొమ్మిది వంతులు ఉత్తవే అవుతాయి. విసుగొస్తుంది. అయినా వింటాను.

ఈ వసంతంలో ఒకరోజు, మా దగ్గర కొత్తగా చేరిన ఒక అమ్మాయి నా గది తలుపు దగ్గరికి వచ్చింది. ఒక రైతు ఇంటి బావినీళ్ళు తాగొచ్చని పొద్దున నేను సంతకం చేసిన కాగితం ఆమె చేతిలో ఉంది. పక్క సీసా ఫలితం ఇందులో పడిందేమోనని తనకు అనిపిస్తోందని, రుజువు లేదని, తను పొరపడి ఉండొచ్చని చెప్పింది. భయపడుతూనే చెప్పింది. ఇద్దరం కూర్చుని చూశాం. పొరపాటు నాదే. కాగితం ఇంకా బయటికి పోలేదు కాబట్టి ఆ ఇంటివాళ్ళకు ఏమీ కాలేదు. ఆమెను మెచ్చుకుని, నన్ను నేను తిట్టుకుని, ఇంటికి బయలుదేరాను. దారిలో కారు ఒక పక్కకు ఆపుకోవాల్సి వచ్చింది. ఆ అమ్మాయి నాకంటే చిన్నది, కొత్తది, పర్మిట్ మీద ఉన్నది, నా నోటికి భయపడేది. అయినా పొద్దున అనుమానం వస్తే సాయంత్రానికల్లా వచ్చి చెప్పింది. ఈ మాట మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాలని నాకు ఎంతగా అనిపించిందో.